భేరుండపు గుడ్డుకు కొలిచిన సంచి

వింజకోటలోని వేటశాలను మొదటిసారి చూసిన పరదేశులు ముందు నోరు తెరిచేవారు, ఆ తర్వాత ముక్కు మూసుకునేవారు. నోరు తెరిపించేది దాని వైభవం. నల్లరాతి స్తంభాల మీద పరుగెత్తే లేళ్ళు, వాటిని తరిమే చిరుతలు. చిరుతల కళ్ళకు కెంపులు, గోళ్ళకు వెండి తొడుగులు. పైకప్పంతా నెమలీకల పందిరి. గాలి వీస్తే వేయి కన్నులు ఒక్కసారి రెప్పలార్చినట్టు ఉండేది. ఇక ముక్కు మూయించేది గోడల నిండా వేలాడే వేటసంచుల తోలువాసన.

ఆ సంచులకు ఒక శాసనం ఉంది. వింజకోటలో మనిషి ఏ సంచి తగిలించుకుని అడవికి వెళ్ళాలో అతని వీపు చెప్పదు, అతని పదవి చెబుతుంది. సామంతులకూ దండనాయకులకూ గజసంచి. అందులో ఒక దూడ కాళ్ళు ముడుచుకుని పడుకోవచ్చు. గుర్రపు రౌతులకు వృషభసంచి. కాలిబంట్లకు మేషసంచి. ఊళ్ళో మామూలు వేటగాళ్ళకు శశసంచి. పేరుకు తగ్గట్టే అందులో ఒక కుందేలు పడుతుంది, రెండోది పట్టదు. మామూలువాడు దుప్పిని కొడితే ఒక తొడ తెచ్చుకుని మిగతాది నక్కలకు వదిలి రావలసిందే. ఇంట్లో పదిమంది ఆకలితో ఉన్నా సరే.

ఆ రోజు పొద్దున ఆ మండపం నడుమ, మహారాజు సింహాసనం ఎదుట మైలమ నిలబడి ఉంది. ఆమె వీపున ఉన్న సంచి గజసంచి కాదు, శశసంచి కాదు, నాలుగింటిలో ఏదీ కాదు.

మైలమ వేటగాడి పెళ్ళాం. మొగుడు పోయి పద్దెనిమిదేళ్ళయింది. తోలు కోసి, నానబెట్టి, ఆరెతో పొడిచి, నరాలతో కుట్టి ఆ గోడల మీది సంచుల్లో సగం తయారుచేసింది ఆమె చేతులే. నెత్తిన తెల్లవెంట్రుకలు మొదలయ్యాయి కానీ భుజాలు మాత్రం వంగలేదు.

"ఏమ్మా, సంతకా?" అన్నాడు దండనాయకుడు భీమరసు, ఆమె సంచిని ఎగాదిగా చూసి.

చుట్టూ ఉన్న సామంతులు పగలబడి నవ్వారు.

"సంతకైతే ఇంకా పెద్దది తెచ్చేదాన్ని దొరా," అంది మైలమ. "నేను గద్దముక్కు శిఖరానికి వెళుతున్నాను. గండభేరుండపు గుడ్డు తేవడానికి."

నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఆ గుడ్డు పేరు వింజకోటలో నవ్వుతూ పలికే పేరు కాదు. రాకుమారి మందారికను తనకిచ్చి పెళ్ళి చేయమని ధూమ్రజటి అనే మాంత్రికుడు అడిగాడు. మహారాజు గజకేసరి కాదన్నాడు. మాంత్రికుడు జడ విదిల్చి ఒక్క పొగ ఊదాడు. పూలు కోస్తున్న పిల్ల పూలు కోస్తున్నట్టే చలవరాయిగా మారిపోయింది. గుడ్డు పగిలి అప్పుడే బయటికొచ్చిన భేరుండపు పిల్ల మొదటి కూత చెవిన పడితే తప్ప ఆ రాయి మనిషి కాదు.

నెల కిందట ఆ గుడ్డు కోసం రాజ్యంలోకెల్లా గొప్ప వేటగాడిని పంపారు. అతను కాటయ, మైలమ తమ్ముడు. రాజకార్యం కాబట్టి గౌరవంగా గజసంచి ఇచ్చారు. కాటయ గుడ్డును పట్టాడు కూడా. కానీ అంత సంచిలో అది పడవలో గుమ్మడికాయలా దొర్లి దొర్లి ఏడో మలుపులో పగిలిపోయింది. చేతుల్లో ఒక పెంకు ముక్క పట్టుకుని తిరిగొచ్చాడు. ఖాళీ గజసంచితో కోటలో అడుగుపెట్టడం రాజుకు అవమానమట. అతన్ని కోటగుమ్మం దగ్గర ఇనుప పంజరంలో కూర్చోబెట్టారు. ఈ రోజుకు మూడో నాడు పొద్దుగూకే వేళకు ప్రాణాలతో ఉన్న గుడ్డు రాకపోతే పులిబండ మీద నుంచి తోసేస్తారు.

"ఆకాశాన్ని కప్పే పక్షి," అన్నాడు భీమరసు, సంచి వైపు వేలు చూపి. "నీ తమ్ముడు ఏం చెప్పినా, దాని గుడ్డు పల్లకీ అంత ఉంటుందని ఆస్థాన పండితులు లెక్క కట్టారు. నీ సంచిలో పట్టేది పెరుగుకుండ."

"అవును. పెరుగుకుండకే కొలిచాను."

మైలమ కొంగుముడి విప్పి పెంకు ముక్కను తీసింది. దోసిలంత ఉంది. తెల్లగా, అక్కడక్కడ బంగారు నలుసులతో మెరుస్తోంది.

"ఈ ముక్కను మా వీధి కుమ్మరి ఇంట్లో ఉన్న కుండలన్నిటి మీదా బోర్లించి చూశాను మహారాజా. నీళ్ళబాన మీద పెడితే నడుమ సందు వచ్చింది. చెంబు మీద పెడితే అంచులు లేచాయి. పెరుగు తోడేసే కుండ మీద పెట్టాను, అతికినట్టు కూర్చుంది. గుడ్డు అంతే. దాని చుట్టూ నాలుగు వేళ్ళ మందాన బూరుగుదూది. దానికి సరిపడా తోలు. అంతకంటే పెద్దదైతే గుడ్డు దొర్లుతుంది. చిన్నదైతే చిట్లుతుంది."

"అంత పక్షికి ఇంత గుడ్డా?" భీమరసు పెదవి విరిచాడు.

"దొరగారు పుట్టినప్పుడు ఎంత ఉన్నారో మంత్రసానిని అడిగి రండి. నేను ఇక్కడే ఉంటాను."

ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే దగ్గు తెచ్చుకున్నారు. భీమరసు చెవులు ఎర్రబడ్డాయి.

మహారాజు సింహాసనం మీద నుంచి ముందుకు వంగాడు. ఆరు నెలలుగా నిద్రలేని కళ్ళు. "శాసనం కాదన్న సంచితో అడవిలో అడుగుపెడితే శిక్ష ఏమిటో తెలుసా నీకు?"

"తెలుసు మహారాజా. తమ్ముడి పక్కన నన్నూ నిలబెట్టండి. పులిబండ మీద ఇద్దరికి చోటుంది. కానీ గుడ్డు తెస్తే రెండు పనులు చేయాలి. పంజరం తీయాలి. పదవిని చూసి సంచి ఇచ్చే ఆ శాసనాన్ని ఈ గుమ్మంలోనే కాల్చాలి. ఎవరి వీపుకు తగ్గ సంచి వాళ్ళు, ఎవరి వేటకు తగ్గ సంచి వాళ్ళు కుట్టించుకుంటారు."

"నాకే షరతులు పెడుతున్నావా?"

"ఏలినవారు నాకు చావు పెట్టారు. నేను షరతులే పెట్టాను."

మండపంలో నెమలీకలు కదిలిన చప్పుడు వినిపించింది. రాజు భీమరసు వైపు తిరిగి, "దండనాయకా, పన్నెండు మంది సామంతులతో నువ్వూ బయలుదేరు, మీ గజసంచులతో. ఎవరు తెస్తే వారిదే మాట," అన్నాడు.

కోటగుమ్మం దాటేముందు మైలమ పంజరం దగ్గర ఆగింది. కాటయ ఊచల్లోంచి చేయి చాచి, ఆమె సంచి పట్టీ లాగి చూశాడు. అంత కష్టంలోనూ వేటగాడి చూపు పోలేదు.

"పొడుగు ఎంత పెట్టావక్కా?"

"మెడ కింద బుడిపె ఎముక నుంచి నడుము ఎముక దాకా. నాకు రెండు జానలకు రెండు వేళ్ళు తక్కువ."

"నడికట్టు?"

"వేశాను." ఆమె పొట్ట మీది వెడల్పాటి తోలుపట్టీని తట్టి చూపింది. "బరువంతా నడుము మీదే. భుజాల పట్టీలు ఒట్టి చేతులు పట్టుకున్నట్టు."

"అదే నాకు లేకపోయింది. భుజాల మీద వేలాడితే గుడ్డు ఊగుతుంది. నడుము మీద కూర్చుంటే నీతో నడుస్తుంది." కాటయ గొంతు తగ్గించాడు. "శిఖరం మీద రెండు గుడ్లు ఉంటాయి. నడుమ ఉన్నదాని జోలికి పోవద్దు, పక్షి చీల్చేస్తుంది. రెండోదాన్ని అదే ముక్కుతో అంచుకు తోసేస్తుంది. రెండిటినీ పెంచే ఓపిక దానికి లేదు. ఆ తోసేసినదే మనది. తిరిగి వచ్చేప్పుడు రాచబాట పట్టకు, సూదిబెజ్జం గుండా జారిపో. దిగడానికే తప్ప ఎక్కడానికి పనికిరాని చీలిక అది. పూట తిరిగేసరికి కోట వెనకాల ఉంటావు." అతను పట్టీ వదిలాడు. "నువ్వు రాలేకపోయినా నేనేమీ అనుకోనక్కా."

"నోరు మూసుకుని కూర్చో. మూడోనాడు నీకు జొన్నరొట్టె కాల్చి పెడతాను."

వింజకోటలో వేటకు బయలుదేరేవారి సంచి నిండుగా ఉబ్బి కనిపించాలి. ఖాళీగా ఊగే సంచితో వెళితే జనం నవ్వుతారు. అందుకని పన్నెండు మంది సామంతులూ కనిపించినదల్లా కుక్కుకున్నారు. భీమరసు సంచిలో ఇత్తడి గంగాళం, మూడు శాలువలు, వెండి తమలపాకుల పెట్టె, చదరంగపు పలక, పడుకోవడానికి చిన్న పట్టెమంచం కూడా ఉన్నాయి. మైలమ సంచిలో పేలపిండి మూట, సొరబుర్రలో నీళ్ళు, తాడు, కత్తి, ఆరె. మిగతాదంతా దూది.

"దిండు మోసుకొస్తోంది," అన్నాడొక సామంతుడు.

"వెళ్ళేటప్పుడు ఏముందో చూసి సంచి కుట్టను నేను," అంది మైలమ వెనక్కి తిరగకుండానే. "వచ్చేటప్పుడు ఏముండాలో చూసి కుడతాను."

మొదటి రోజు ఈతముళ్ళ అడవి. ముళ్ళు మనిషి పొడవున వంగి, దారిని గుడిసె గుమ్మమంత చేసేశాయి. మైలమ తల వంచి పాములా జారిపోయింది. వెనకాల గజసంచులు ముళ్ళకు తగులుకుని చిరిగే చప్పుడు, ఆపైన తిట్లు, ఆపైన ఏడుపు. సాయంత్రానికి అయిదుగురు సామంతులు ముళ్ళలో చిక్కుకుని ఈగల్లా గింజుకుంటూ ఉండిపోయారు. చదరంగపు పలక ఒక కొమ్మకు వేలాడుతోంది. భీమరసూ మిగిలిన ఏడుగురూ చినిగిన బట్టలతో బయటపడ్డారు.

రెండో రోజు మధ్యాహ్నం వాళ్ళ ముందు ఒక లోయ తెరుచుకుంది. అటువంటి లోయ ఏ కంటా పడి ఉండదు. గడ్డికి బదులు పచ్చలు మొలిచినట్టు నేల మెరుస్తోంది. వాగులో నీళ్ళు కాదు, నీలాలు దొర్లుతున్నాయి. చెట్ల కొమ్మలకు ముత్యాలు ఉసిరికాయల్లా గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. పగడాల పొదల్లోంచి బంగారు రెక్కల తుమ్మెదలు లేచి వచ్చి, మనుషుల తలల చుట్టూ తిరిగి "తీసుకో, తీసుకో" అన్నట్టు ఝుంకరిస్తున్నాయి. లోయ చివర లోతైన అగాధం. దాని మీద తీగలు పేని కట్టిన వంతెన. వంతెన మొదట్లో జింకచర్మం మీద ఒక ముని కూర్చుని ఉన్నాడు.

"రండి నాయనలారా," అన్నాడు ముని, తేనె ఒలికే గొంతుతో. "ఈ లోయ సొత్తు వేటగాళ్ళకే. సంచిలో ఎంత పడితే అంత మీది."

చెప్పాలా! గంగాళం ఎగిరింది, శాలువలు ఎగిరాయి, పట్టెమంచం వాగులో పడింది. రెండో ఘడియకు ఎనిమిది గజసంచులూ రత్నాలతో ఉబ్బిపోయాయి.

ముని మైలమ వైపు తిరిగాడు. "తల్లీ, నీకేం కావాలి?"

"చోటు లేదు స్వామీ."

"ఆ దూది తీసి పారేయి."

"దూది పారేస్తే గుడ్డు దేని మీద పడుకుంటుంది?"

ముని ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ కనుపాపలు నిప్పుకణికల్లా ఒక్కసారి మెరిసి ఆరాయి. అప్పుడు చూసింది మైలమ. చుట్టుపక్కల ఎక్కడా నిప్పు లేదు. ముని జడలోంచి మాత్రం సన్నగా పొగ లేస్తోంది.

"దొరా!" అని అరిచింది. "వీడు ముని కాడు! ఆ రాళ్ళు పారేయండి!"

భీమరసు అప్పటికే వంతెన మీద ఉన్నాడు. "నీ సంచిలో పట్టలేదని మా సంచులు ఖాళీ చేయమంటావా?" అన్నాడు.

ముని పకపకా నవ్వి పొగగా లేచిపోయాడు. ఆ నవ్వుతోనే రత్నాలకు బరువు పుట్టింది. అడుగు వేస్తే మణుగు, ఇంకో అడుగు వేస్తే రెండు మణుగులు. వంతెన విల్లులా వంగింది. తీగలు పుటుక్ పుటుక్కున తెగసాగాయి. వెనకాల ఉన్న ఏడుగురు సామంతులు సంచుల బరువుకు వెల్లకిలా పడి, పట్టీల్లో చేతులు చిక్కుకుని తాబేళ్ళలా కొట్టుకుంటున్నారు. మైలమ కత్తి తీసి పరుగెత్తింది. ఒక పట్టీ కోసింది, సంచి అగాధంలోకి జారింది. "వెనక్కి పాకండి!" ఇంకో పట్టీ. ఇంకోటి. ఆ పట్టీలన్నీ తాను కుట్టినవే. ఎక్కడ కోస్తే ఒక్క వేటుకు తెగుతాయో ఆమె చేతికి తెలుసు. ఏడుగురూ ఏడ్చుకుంటూ గట్టు మీదికి పాకారు.

భీమరసు వంతెన అవతలి కొసన వేలాడుతున్నాడు. అతని గజసంచి అగాధంలోకి వేలాడి, రెండు భుజాలనూ వెనక్కి విరుస్తోంది.

"నా సంచి ముట్టుకోకు!" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "గజసంచి లేకుండా కోటలోకి వెళితే నేను దండనాయకుణ్ణి కాను!"

"పదవి అగాధంలో పడినా నువ్వు మిగులుతావు. నువ్వు పడితే పదవీ మిగలదు. త్వరగా చెప్పు, తీగ తెగుతోంది!"

ఇంతదాకా "మీరు" అన్న మనిషి "నువ్వు" అన్నదని కూడా అతను గమనించలేదు. కళ్ళు మూసుకుని తల ఊపాడు. కత్తి మెరిసింది. సంచి పోయింది. మైలమ అతని జుట్టు పట్టి అవతలి గట్టు మీదికి ఈడ్చిన మరుక్షణం వంతెన మొత్తం తెగి, వాళ్ళ వెనకాల కొరడాలా గోడకు కొట్టుకుంది.

అగాధానికి ఆ పక్కన ఏడుగురు, ఈ పక్కన ఇద్దరు. తిరిగి పోయే రాచబాట ఇక లేదు.

భీమరసు నేల మీద కూర్చుని తన ఖాళీ భుజాలను తడుముకున్నాడు. "పదహారేళ్ళు మోశాను ఆ సంచిని," అన్నాడు.

"మోశావు సరే. అందులో ఎప్పుడైనా వేట తెచ్చావా?"

అతను ఆలోచించి, నిజం చెప్పాడు. "బంట్లు తెచ్చేవారు."

"అయితే లే. ఈసారి నువ్వే తేవాలి. శిఖరం అదుగో."

మూడో నాటి పొద్దు నడినెత్తి దాటుతుండగా వాళ్ళు గద్దముక్కు శిఖరం కింది అరుగుకు చేరారు. పైన, రథచక్రమంత దళసరి చెట్టువేళ్ళతో, ఏనుగు దంతాలతో, విరిగిన పడవ తెడ్లతో అల్లిన గూడు. దాని మీద గండభేరుండం. రెక్కలు ముడుచుకున్నా కొండ భుజాన్ని కప్పేసింది. ఒక్కో ఈకా మంట ఆరని కొలిమి రంగు. రెండు మెడలు, రెండు తలలు. ఎడమ తల నిద్రపోతోంది. కుడి తల కన్ను తెరిచి ఉంది. ఆ కంట్లో మైలమ తన రూపం తాను చూసుకుంది. చిన్నగా, వీపున సంచితో.

గూటి నడుమ ఒక గుడ్డు. గూటి అంచున ఇంకో గుడ్డు. తెల్లగా, బంగారు నలుసులతో. పెరుగుకుండంత.

భీమరసు "కుండంతే ఉంది," అన్నాడు.

కుడి తల కదిలింది. మనుషులను చూసి కాదు. ముక్కుతో అంచున ఉన్న గుడ్డును ఒక్క తోపు తోసింది.

గుడ్డు గూటి అంచు దాటి గాలిలోకి వచ్చింది.

మైలమ నడికట్టు ఎప్పుడు విప్పిందో, సంచిని ఎప్పుడు ముందుకు తిప్పిందో, మూత ఎప్పుడు తెరిచిందో భీమరసుకు తెలియలేదు. అరుగు అంచు మీద ఒక కాలు, గాలిలో ఒక కాలు. గుడ్డు సంచి నోట్లో పడింది. మూతి ఒక వేలు ఇరుకైతే అంచుకు తగిలి పగిలేది. అడుగు ఒక జాన లోతైతే కిందికి పడి చితికేది. అది దూదిలో సగానికి దిగి, ఆగి, అలాగే కూర్చుండిపోయింది. భీమరసు ఆమె కొంగు పట్టుకుని వెనక్కి లాగాడు.

మైలమ సంచిలోకి వంగి గుడ్డును అరచేత్తో తాకింది. వెచ్చగా ఉంది. "నిన్నూ అంచుకు తోసేశారా?" అంది. "పరవాలేదు. నీ కొలతకే కుట్టాను."

లోపలి నుంచి టక్ మని ఒక చప్పుడు వచ్చింది. మళ్ళీ టక్.

"పిల్ల బయటికొస్తోంది!" భీమరసు సంచి మీదికి వంగాడు. "ఇక్కడే కూస్తే రాకుమారి..."

"పద! సూదిబెజ్జం వైపు!"

మైలమ సంచిని మళ్ళీ వీపుకెత్తి నడికట్టు కట్టుకుంది, ఇద్దరూ అరుగు వెంట పరుగెత్తారు. సంచి ఆమె నడుము మీద కూర్చుని ఆమెతోనే నడిచింది. లోపల దూది కదలలేదు, గుడ్డు కదలలేదు. కానీ పెంకు మీద సన్నటి బీట ఒకటి పాకింది. ఎదురుగా కొండ నిలువునా చీలి ఉంది. మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని నల్లటి చీలిక. అదే సూదిబెజ్జం.

చీలిక ముందు పొగ సుడి తిరిగి, ధూమ్రజటి అయి నిలబడింది. ఈసారి ముని వేషం లేదు. తాటిచెట్టంత ఎత్తు. నేల మీద ఈడ్చుకుపోయే జడలు, ఒక్కో జడ చివరా పాము నాలుకలా ఆడే పొగ.

"సంచి ఇక్కడ పెట్టు," అన్నాడు. "నీ తమ్ముడు ఈ క్షణమే ఇక్కడ నిలబడతాడు, సంకెళ్ళు లేకుండా. ఆ రాయి పిల్ల నీకేమవుతుంది?"

మైలమ కాళ్ళు ఆగాయి. పంజరం ఊచల్లోంచి చాచిన చేయి కళ్ళ ముందు కదిలింది.

"నా తమ్ముణ్ణి నువ్విస్తే నీవాడవుతాడు," అంది. "నేను తెచ్చుకుంటే నావాడు. పక్కకు తప్పుకో."

"ముసలిదానా!" మాంత్రికుడు రెండు చేతులూ చరిచాడు. కొండ దద్దరిల్లేట్టు ఉరిమింది. సంచిలో పెంకు ఫట్టుమంది. మూత కింది నుంచి తడి ఈకల చిన్న తల ఒకటి బయటికి వచ్చింది. ఎర్రటి నోరు తెరిచింది. వెండిగంట మోగినట్టు కూసింది.

ధూమ్రజటి ఆకాశం వైపు చూసి నవ్వాడు. "అయిపోయింది! మొదటి కూత ఇక్కడే ఒలికిపోయింది! ఇక మీ రాకుమారి ఎప్పటికీ..."

మాట సగంలో ఆగింది. అతని జడల్లోని పొగ నీళ్ళు పోసినట్టు ఆరిపోయింది. తాటిచెట్టంత మనిషి కుంచించుకుపోయి, మామూలు మనిషంతయ్యాడు. చేతులు చూసుకున్నాడు. ముడతలు పడ్డ, ఎవరికైనా ఉండే చేతులు. ఆ కూత చెవిన పడితే రాయి మాత్రమే కాదు, దాన్ని చేసినవాడి మంత్రశక్తీ కరుగుతుందని అతనికి అప్పుడే తెలిసింది.

"ఒక తలే కూసింది," అంది మైలమ. సంచిలోకి చూసింది. పిల్లకు రెండో తల ఉంది. పెంకు సగం ఇంకా టోపీలా దాని మీదే ఉంది. దూదిలో కళ్ళు మూసుకుని నిద్రపోతోంది. "రెండో కూత ఇంకా లోపలే ఉంది."

మాంత్రికుడు వెర్రికేక పెట్టి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. మంత్రం పోయినా పెంపుడు డేగలు పోలేదు. కొండ వెనకాల నుంచి నల్లటి మేఘంలా లేచాయి.

భీమరసు కత్తి దూశాడు. అంతలోనే మైలమ వైపు తిరిగి, రెండు చేతులూ చాచాడు. "అమ్మా, సంచి నాకివ్వు. నేను నీకంటే బలవంతుణ్ణి. వేగంగా దిగుతాను."

అతను మొదటిసారి ఆమెను అమ్మా అని పిలిచాడు, వెటకారం లేకుండా. మైలమ అతన్ని కాలి నుంచి తల దాకా చూసింది. చేతిలో కొలతతాడు లేకపోయినా చూపే కొలిచింది.

"నీ వీపు రెండు జానల మీద ఇంకా ఆరు వేళ్ళు. ఈ సంచి నీ నడుము దాకా రాదు, భుజాల మీద వేలాడుతుంది. నాలుగు అడుగులకు పిల్ల ఊగి లేస్తుంది. నా తమ్ముడు అలాగే పోగొట్టుకున్నాడు." నడికట్టును ఒక చిల్లు బిగించింది. "నువ్వు బలవంతుడివి కాబట్టే వెనకాల ఉండు. ఒక్క డేగ కూడా ఈ చీలికలోకి రాకూడదు."

వింజకోట దండనాయకుడు, పదహారేళ్ళు గజసంచి మోసినవాడు, ఖాళీ భుజాలతో చీలికకు అడ్డంగా నిలబడ్డాడు. మొదటి డేగ అతని కత్తి మీదికి దూకింది.

మైలమ పక్కకు తిరిగి సూదిబెజ్జంలోకి అడుగుపెట్టింది. ముందు రాయి, వెనక రాయి. సంచి తోలు గోడను రాసుకుంటూ సర్రుమంది. రెండు వైపులా వేలెడు సందు. అంతకంటే ఎక్కువ ఆమె ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. ఈ రోజు అంత సందు చాలు. చీలిక చివర, చాలా కింద, కోటబురుజుల మీద పొద్దు పడమటికి వాలుతోంది. గుమ్మం దగ్గర పంజరం నల్లటి చుక్కలా కనిపిస్తోంది. దాని చుట్టూ భటులు అప్పుడే కదులుతున్నారు.

సంచిలో రెండో తల కదిలింది. పెంకును ఒకసారి పొడిచింది. టక్.

"ఆగు," అంది మైలమ వెనక్కి చేయి పెట్టి, దూది మీద మెల్లగా తడుతూ. "నువ్వు కూయాల్సిన చోటు అదుగో, అక్కడ. అందాకా నోరు తెరవడం నా వంతు."

ఆమె కింద పంజరం దగ్గరి భటులకు వినిపించేలా తమ్ముడి పేరు పెట్టి కేక వేసి, నున్నటి రాతి మీద కాళ్ళు చాచి కూర్చుని, కిందికి జారింది.